పాత నాణేలకు పుస్తకాలు, మన బిళ్ళలకు ఒక రిజిస్టరు

(మన సంఘం ప్రొద్దుటూరు సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



మన సమావేశాల్లో మామూలుగా డి.ఎ. బకాయిలు, వైద్య బిల్లులు, లైఫ్ సర్టిఫికెట్ల గురించి మాట్లాడుకుంటాం. ఈసారి ప్రత్యేక సంచిక వేస్తున్నాం కనుక, వేరే విషయం ఏదైనా చెప్పమని కార్యదర్శిగారు పురమాయించారు. నాకు కొద్దోగొప్పో తెలిసినవి రెండే. ఒకటి ఖజానా లెక్కలు, రెండు పాత నాణేలు. మొదటిది మీకందరికీ తెలిసిందే కాబట్టి రెండోదే ఎంచుకున్నాను.

నేను జమ్మలమడుగు, పులివెందుల, ప్రొద్దుటూరు సబ్ ట్రెజరీలలో పనిచేసి 2008లో పదవీ విరమణ చేశాను. సర్వీసులో ఉండగా నాణేలను లెక్కబెట్టడమే గాని చూడడం లేదు. రిటైరైన తరువాతే వాటిని చూడడం మొదలుపెట్టాను. అప్పటి నుంచి ఎందరో మిత్రులు జేజి పెట్టెలో దొరికిందనో, మిద్దె కూలగొడితే గోడలో దొరికిందనో ఒకటి రెండు రాగి నాణేలు తెచ్చి చూపిస్తుంటారు. అందరూ అడిగేది ఒకటే ప్రశ్న: "సార్, దీనికి ఎంత లెక్క వస్తుంది?" నేను చెప్పేదీ ఒకటే జవాబు: "ముందు ఇదేమిటో తెలుసుకుందాం, దానికి పుస్తకం కావాలి."

ఈ పుస్తకాలు ఎలాంటివి, ఎక్కడ దొరుకుతాయి, పుస్తకమే లేనివాటికి మనమేం చేయాలి అన్న మూడు సంగతులు ఈరోజు మనవి చేస్తాను.

ఇంగ్లండులో అంగడివాళ్ళ బిళ్ళలు

ముందుగా మనది కాని దేశం సంగతి చెబుతాను. ఎందుకో తరువాత మీకే తెలుస్తుంది.

ఇంగ్లండులో 1649లో రాజుగారి తల తీసిన తరువాత కొన్నేళ్ళు చిల్లరకు పెద్ద కరువొచ్చింది. ప్రభుత్వం చిన్న నాణేలు వేయడం లేదు. రొట్టెల అంగడివాడికి, కొవ్వొత్తులు చేసేవాడికి, పూటకూళ్ళ ఇంటివాడికి చిల్లర లేకపోతే వ్యాపారం నడవదు. ఏం చేశారు? ఎవరికి వారే రాగితోనో ఇత్తడితోనో చిన్న బిళ్ళలు కొట్టించుకున్నారు. బిళ్ళ మీద అంగడివాడి పేరు, ఊరు, వృత్తిని తెలిపే బొమ్మ. చాలావాటి మీద మూడు పొడి అక్షరాలు ఉంటాయి. పైన ఇంటిపేరు అక్షరం, కింద భర్త పేరు అక్షరం, భార్య పేరు అక్షరం. ఆ బిళ్ళ ఆ వీధిలో, ఆ ఊళ్ళో చెల్లుతుంది. ఊరు దాటితే చెల్లదు. 1672లో రాజు రాగి నాణేలు వేయించి, ఈ బిళ్ళలను నిషేధించేదాకా ఇదే తంతు.

మనకూ ఇది కొత్తేమీ కాదు. నిన్న మొన్నటిదాకా అంగట్లో రూపాయి చిల్లర లేకపోతే చాక్లెట్టు చేతిలో పెట్టేవాళ్ళు. ఇంగ్లండు అంగడివాడు తన పేరున్న బిళ్ళ ఇచ్చాడు, అది తిరిగి తెస్తే సరుకిచ్చాడు. మనవాడు చాక్లెట్టు ఇచ్చాడు, దాన్ని తిరిగి తెస్తే మాత్రం తీసుకోడు!

నూరేళ్ళ తరువాత అక్కడ మళ్ళీ చిల్లర కరువు వచ్చింది. 1787లో ఆంగ్లెసీ అనే ద్వీపంలో రాగి గని కంపెనీవాళ్ళు సొంత బిళ్ళలు వేశారు. వాళ్ళను చూసి మిల్లులవాళ్ళు, బట్టల వర్తకులు, కాలువల కంపెనీలు వేల రకాలు వేశారు.

ఈ బిళ్ళల గురించి పుస్తకాలు రాసింది ఎవరనుకున్నారు? జేమ్స్ కాండర్ అని ఇప్స్‌విచ్ అనే ఊళ్ళో బట్టల వ్యాపారి. సొంతంగా బిళ్ళలు కొట్టించుకున్నవాడే. తన కాలపు బిళ్ళలన్నింటికీ జాబితా రాసి 1798లో అచ్చువేశాడు. ఇప్పటికీ ఆ బిళ్ళలను ఆయన పేరుతోనే పిలుస్తారు. వెనకటి శతాబ్దపు బిళ్ళలకు విలియం బాయిన్ 1858లో ఒక పుస్తకం వేశాడు. దాన్ని పెంచి జార్జి విలియమ్సన్ 1889 నుంచి 1891 లోపల రెండు సంపుటాలు చేశాడు. కాండర్ బిళ్ళల మీద డాల్టన్, హేమర్ అనే ఇద్దరు 1910 నుంచి 1918 దాకా భాగాలు భాగాలుగా పెద్ద గ్రంథం వేశారు.

ఈ పుస్తకాల్లో ఒక పద్ధతి ఉంది, దాన్ని దయచేసి గుర్తుంచుకోండి. రాజుల వరుసలో కాకుండా జిల్లాల వరుసలో, జిల్లాలో మళ్ళీ ఊళ్ళ వరుసలో రాశారు. మీ చేతిలో బిళ్ళ ఉంటే దాని మీద ఊరి పేరు చదవండి, పుస్తకంలో ఆ ఊరి పుట తీయండి, అంగడివాడి పేరు కనబడుతుంది. మూడున్నర శతాబ్దాల కిందట చచ్చిపోయిన కొవ్వొత్తుల వ్యాపారి, అతని భార్య పేరులోని మొదటి అక్షరంతో సహా ఈరోజుకూ బతికున్నారంటే ఆ పుస్తకాల పుణ్యమే.

బర్మింగ్‌హామ్ నుంచి మన జిల్లాకు

ఇంగ్లండు ఊసు ఎందుకెత్తానో ఇప్పుడు చెబుతాను. కాండర్ కాలంలో ఆ బిళ్ళలను కొట్టిచ్చిన పెద్ద ముద్రణశాలల్లో ఒకటి బర్మింగ్‌హామ్ దగ్గర సోహో అనేచోట ఉండేది. యజమాని మాథ్యూ బౌల్టన్. ఆవిరి యంత్రం చేసిన జేమ్స్ వాట్‌కు ఈయన భాగస్వామి. ఆవిరితో నడిచే యంత్రాల మీద నాణేలు కొట్టడం ఆయన ప్రత్యేకత. అందుచేత ఆయన కొట్టిన నాణెం గుండ్రంగా, ఒకే మందంగా ఉంటుంది. అంతకుముందు మన దేశంలో చెల్లిన చేతి ముద్ర రాగి నాణేలు మొద్దుగా, అంచులు చీలి ఉంటాయి.

ఈస్టిండియా కంపెనీవారు మద్రాసు రాష్ట్రం కోసం రాగి నాణేలను ఈ సోహోలోనే చేయించారు. 1803లో ఒక కాసు, ఐదు కాసులు, పది కాసులు, ఇరవై కాసుల నాణేలు వచ్చాయి. 1808లో పది, ఇరవై కాసులవి మళ్ళీ వచ్చాయి. ఒకవైపు రెండు సింహాలు పట్టుకున్న కంపెనీ ముద్ర, సంవత్సరం. రెండోవైపు పారశీక లిపి, కింద ఇంగ్లీషులో విలువ. ఇరవై కాసులదైతే రెండు ఎక్స్ అక్షరాలు, పది కాసులదైతే ఒక ఎక్స్. పారశీకంలో ఉన్నది ఇరవై కాసులు నాలుగు ఫలూసులకు సమానం అని.

మన జిల్లాను నిజాం నవాబు కంపెనీకి వదిలింది 1800లో. దత్తమండలాలని పేరు వచ్చింది అందుకే. థామస్ మన్రో దొర 1800 నుంచి 1807 దాకా ఇక్కడ ప్రధాన కలెక్టరు. అప్పటి శిస్తు లెక్కలు వరహాలలో ఉండేవి. కంపెనీ లెక్కలో ఒక వరహాకు 42 రూకలు, ఒక రూకకు 80 కాసులు. మూడున్నర రూపాయలు ఒక వరహా. 1818లో మద్రాసు ప్రభుత్వం రూపాయినే ప్రమాణంగా చేసినప్పుడు 100 వరహాలకు 350 రూపాయలని కట్టింది. ఇరవై కాసుల రాగి నాణేన్నే డబ్బు అనేవారు. ఈనాడు కోట్ల రూపాయలను కూడా డబ్బు అంటున్నాం గాని, ఆ మాట పుట్టింది ఒక రాగి బిళ్ళకు. అనుమానమున్నవాళ్ళు సి.పి. బ్రౌన్ నిఘంటువు చూడండి. 1852లో వచ్చిన ఆ నిఘంటువులో కాసు, రూక, మాడ, వరహా, దుడ్డు అన్నీ ఉన్నాయి. నాణేలవాళ్ళకు తెలుగులో అదే మొదటి సహాయ గ్రంథం.

1808 సంవత్సరపు నాణేల సంగతి ఒకటి ఉంది, వినదగ్గది. ఈ నాణేలను 48 టన్నులు నింపుకొని మద్రాసుకు బయలుదేరిన అడ్మిరల్ గార్డ్‌నర్ అనే ఓడ 1809 జనవరిలో ఇంగ్లండు తీరంలోనే గుడ్విన్ ఇసుక తిన్నెల మీద పగిలి మునిగిపోయింది. 1980ల్లో ఆ ఓడను కనుక్కొని లక్షలకొద్దీ నాణేలు పైకి తీశారు. అందుచేత ఈరోజు 1808 నాటి పది కాసుల నాణెం తళతళలాడుతూ కనిపిస్తే, అది మన తాతల చేతుల్లో తిరిగింది కాకపోవచ్చు, సముద్రం అడుగున 170 ఏళ్ళు పడుకొని లేచింది కావచ్చు. అలాంటివి లక్షల్లో ఉన్నాయి కాబట్టి ధర కూడా తక్కువే. "రెండు వందల ఏళ్ళ నాటిది కదా, లక్షలు రావా?" అని అడిగేవాళ్ళకు సమాధానం ఈ చరిత్రలోనే ఉంది. నాణెం వయసును బట్టి ధర రాదు. ఎన్ని మిగిలాయన్నదాన్ని బట్టి వస్తుంది.

ఏ నాణేనికి ఏ పుస్తకం

ఇప్పుడు పుస్తకాల సంగతి. రాసుకునేవాళ్ళు రాసుకోండి.

మొదలుపెట్టేవాళ్ళకు రెండు చిన్న పుస్తకాలు చాలు. సి.జె. బ్రౌన్ 1922లో రాసిన భారతదేశ నాణేల పుస్తకం ఒకటి. ఈయన మన సి.పి. బ్రౌన్ కాదు, వేరే ఆయన. పరమేశ్వరీలాల్ గుప్తా రాయగా నేషనల్ బుక్ ట్రస్టు 1969లో వేసిన పుస్తకం రెండోది. ఇంగ్లీషు తేలికగానే ఉంటుంది.

దక్షిణాది నాణేలకు ప్రత్యేకంగా కెప్టెన్ టఫ్నెల్ అనే మద్రాసు సైనికాధికారి 1889లో నాణేలు పోగుచేసేవాళ్ళకు సూచనలుగా ఒక చిన్న పుస్తకం రాశాడు. అంతకు మూడేళ్ళ ముందు, 1886లో, సర్ వాల్టర్ ఎలియట్ దక్షిణ భారత నాణేల మీద పెద్ద గ్రంథం వేశాడు. ఆయన 1803లో పుట్టాడు. అంటే పుస్తకం వచ్చేనాటికి 83 ఏళ్ళు. మద్రాసు సర్వీసు నుంచి రిటైరై, చూపు దాదాపు పోయిన స్థితిలో ఆ పని ముగించాడు. డెబ్బై దాటాక కొత్త పనులేమిటని అనుకునే మన మిత్రులు ఈ ముక్క గుర్తుపెట్టుకోవాలి.

సీసంతో చేసిన మరీ పాత నాణేలుంటాయి. శాతవాహనుల కాలంవి. ఇ.జె. రాప్సన్ 1908లో తయారుచేసిన బ్రిటిష్ మ్యూజియం కేటలాగులో అనంతపురం, కడప జిల్లాల పేరుతోనే సీసపు నాణేలను చేర్చారు. హైదరాబాదు మ్యూజియంలోని శాతవాహన నాణేలకు యం. రామారావుగారు 1961లో జాబితా తయారుచేశారు.

విజయనగర రాజుల నాణేలు మన ప్రాంతంలో దొరికే అవకాశం ఎక్కువ. గండికోట ఆ రాజ్యంలోనిదే కదా. బాలకృష్ణుడి బొమ్మ ఉంటే శ్రీకృష్ణదేవరాయల వరహా, గండభేరుండం ఉంటే అచ్యుతరాయలది అని పైపైన గుర్తు పట్టవచ్చు. లోతుగా చూడాలంటే హుల్ట్‌ష్ 1891లో ఇండియన్ ఆంటిక్వెరీ పత్రికలో రాసిన వ్యాసం, హైదరాబాదు మ్యూజియం నాణేలకు ఎన్. రమేశన్‌గారు 1962లో వేసిన కేటలాగు, ఎ.వి. నరసింహమూర్తిగారి కర్ణాటక నాణేల పుస్తకం చూడాలి. ఈ చివరిది 1975లో వచ్చింది.

రాగి నాణెం మీద ఏనుగు, వెనకవైపు పారశీకం ఉంటే టిప్పు సుల్తానుది కావచ్చు. దానికి హెండర్సన్ 1921లో మద్రాసు మ్యూజియం తరఫున రాసిన పుస్తకం ఉంది. టిప్పు తన టంకశాలలున్న ఊళ్ళకు కొత్త పేర్లు పెట్టాడు. ఫైజ్ హిసార్ అంటే గుత్తి. జఫరాబాద్ అంటే గుర్రంకొండ. 1911లో చిత్తూరు జిల్లా ఏర్పడేదాకా గుర్రంకొండ మన జిల్లాలోదే. పుస్తకం లేకుండా జఫరాబాద్ అని చదివితే ఎక్కడో ఉత్తరాదిది అనుకుంటాం.

కంపెనీ నాణేలకు ఎడ్గార్ థర్‌స్టన్ 1890లో రాసిన చరిత్ర, మద్రాసు మ్యూజియం జాబితా ఉంది. దానికన్నా వివరంగా ప్రిడ్‌మోర్ 1975లో రాసింది ఉంది. 1807 ప్రాంతంలో మద్రాసు టంకశాలలో వేసిన వెండి పావు వరహా మీద ఒకవైపు గుడి గోపురం, ఇంగ్లీషు, పారశీకం ఉంటాయి. రెండోవైపు విష్ణుమూర్తి, చుట్టూ తమిళం, తెలుగు ఉంటాయి. కంపెనీ నాణెం మీద మన తెలుగు అక్షరాలు చూడాలనుకునేవాళ్ళు ఈ పుస్తకాల్లో చూడవచ్చు.

ఈ పుస్తకాలు దొరికే చోట్లు చెబుతాను. కడపలో బ్రౌన్ దొర బంగళా ఉన్న స్థలంలో జానమద్ది హనుమచ్ఛాస్త్రిగారి కృషితో నిలిచిన సి.పి. బ్రౌన్ గ్రంథాలయం ఉంది. ఇప్పుడు యోగి వేమన విశ్వవిద్యాలయం కింద నడుస్తోంది. ముందు అక్కడికి వెళ్ళి అడగండి. 1875 నాటి గ్రిబుల్ కడప మాన్యువల్, 1915 నాటి బ్రాకెన్‌బరీ గెజిటీర్ చూస్తే మన ఊళ్ళ వెనకటి చరిత్ర తెలుస్తుంది. మద్రాసు వెళ్ళే పని ఉంటే ఎగ్మూరులో 1896లో తెరిచిన కన్నెమరా లైబ్రరీ, పక్కనే మ్యూజియం ఉన్నాయి. ఇవేవీ కుదరకపోతే ఇంట్లో మనవడినో మనవరాలినో పిలవండి. కాపీహక్కు తీరిపోయిన ఈ పాత పుస్తకాల్లో చాలావాటిని ఇంటర్నెట్ ఆర్కైవ్ అనేచోట ఉచితంగా పెట్టారు. పుస్తకం పేరు, రచయిత పేరు చెబితే పిల్లలు రెండు నిమిషాల్లో తీసిస్తారు. అక్షరాలు పెద్దవి చేసుకొని చదువుకోవచ్చు. మన కళ్ళకు అది మేలే.

పుస్తకం తెరిచే ముందు మూడు పనులు చేయండి. నాణేన్ని చింతపండుతో తోమవద్దు. తోమితే ఉన్న నాలుగు అక్షరాలూ పోతాయి. తెలిసిన కంసాలి దగ్గర త్రాసులో బరువు తూయించండి. రెండో బొంబాయి అని పేరున్న ప్రొద్దుటూరులో త్రాసులకు కొదవ లేదు. స్కేలుతో అడ్డం కొలవండి. ఇరవై కాసులది తొమ్మిది గ్రాముల పైచిలుకు, పది కాసులది అందులో సగం. బరువు, అడ్డం కొలత, లిపి, బొమ్మ ఈ నాలుగూ కాగితం మీద రాసుకుంటే పుస్తకంలో వెతకడం సులువు.

పుస్తకం చూడనందువల్ల నష్టం

ఇదంతా కాలక్షేపం కబుర్లని కొందరు అనుకోవచ్చు. కాదని చెప్పడానికి ఒక సంగతి చెబుతాను. పేర్లు, ఊరు చెప్పను.

నాకు తెలిసిన ఒక విశ్రాంత ఉద్యోగి ఉన్నారు. గ్రాట్యుటీ చేతికొచ్చిన ఏడాది. ఎవరో ఇద్దరు వచ్చి 1818 అని రాసి ఉన్న రాగి నాణెం చూపించారు. ఒకవైపు ఈస్టిండియా కంపెనీ అని, రెండోవైపు సీతారామ లక్ష్మణులు, ఆంజనేయస్వామి. దీనికి బియ్యపు గింజలను లాక్కునే శక్తి ఉందని, పెద్ద కంపెనీవాళ్ళు కోట్లు ఇస్తారని, పరీక్ష చేయించడానికి ముందుగా కొంత సొమ్ము కట్టాలని చెప్పారు. రైస్ పుల్లింగ్ అని పత్రికల్లో చదువుతుంటామే, అదే. ఆయన కట్టారు. మళ్ళీ అడిగితే మళ్ళీ కట్టారు. కూతురి పెళ్ళికి దాచిన సొమ్ము పోయింది. సిగ్గుతో పోలీసు స్టేషనుకు కూడా పోలేదు. ఆ ఇల్లాలు నాతో చెప్పిన మాట ఇది: "అన్నా, ఒక్కరోజు ముందు మీకు చూపించి ఉంటే బాగుండేది."

చూపించి ఉంటే నేను చేసే పని పెద్దదేమీ కాదు. థర్‌స్టన్ పుస్తకం, ప్రిడ్‌మోర్ పుస్తకం తీసి చూపించేవాణ్ణి. అణా, అర్ధణా అని రాసి దేవుళ్ళ బొమ్మలున్న ఇలాంటి రాగి నాణెం కంపెనీ వేసినట్లు రెండింటిలోనూ లేదు. కంపెనీ దేశమంతటికీ ఒకే తీరు నాణేలు వేయడం మొదలుపెట్టింది 1835లో. 1818లో మద్రాసులో రాగి లెక్క కాసుల్లో ఉండేది. ఆ బిళ్ళలు ఈ కాలంలో చేసి సంతల్లో అమ్మే బొమ్మలు. పుస్తకంలో ఒక్క పుట చూసి ఉంటే ఆ ఇంటి సొమ్ము నిలిచేది.

అలాగే ఫోనులో, ప్రకటనల్లో పాత ఐదు రూపాయల నోటుకు, పాత నాణేలకు లక్షలిస్తామని, ముందుగా కమీషనో పన్నో కట్టమని అడుగుతారు. రిజర్వు బ్యాంకు పేరు కూడా వాడుకుంటారు. అలాంటి వ్యవహారాలతో తనకు సంబంధం లేదని, ఎవరికీ సొమ్ము కట్టవద్దని రిజర్వు బ్యాంకు 2021 ఆగస్టులో ప్రకటించింది. మన నాణెం కొనేవాడు మనకు ఇవ్వాలి. మనల్నే ఇమ్మనేవాడు మోసగాడే.

చట్టం సంగతీ ఒక మాట. పొలం దున్నుతుంటేనో పునాది తీస్తుంటేనో భూమిలో నాణేల కుండ దొరికితే, 1878 నాటి నిక్షేపాల చట్టం ప్రకారం పది రూపాయల విలువ మించిన దానిని కలెక్టరుకు తెలియజేయాలి. నూరేళ్ళు దాటిన నాణేలను సొంతంగా విదేశాలకు పంపడం 1972 చట్టం ప్రకారం నేరం. అమెరికాలో ఉన్న పిల్లలకు కానుకగా పంపాలనుకునేవాళ్ళు గమనించాలి.

పుస్తకం లేని బిళ్ళలు

ఇక మూడో సంగతి. నేను ఈరోజు నిలబడి మాట్లాడుతున్నది అసలు దీనికోసమే.

రాజుల నాణేలకు పుస్తకాలున్నాయి. కంపెనీ నాణేలకున్నాయి. ఇంగ్లండులో రొట్టెలమ్మినవాడి బిళ్ళకు కూడా పుస్తకం ఉంది. ప్రొద్దుటూరు, జమ్మలమడుగు, పులివెందులలో మన కళ్ళముందు చెల్లిన బిళ్ళలకు ఏ పుస్తకమూ లేదు.

గుర్తు తెచ్చుకోండి. ఒకటో తారీఖున బ్యాంకులో సొమ్ము తీసుకోవడానికి కాగితం ఇస్తే, గుమాస్తా అంకె కొట్టిన ఇత్తడి బిళ్ళ ఇచ్చేవాడు. దాన్ని అరచేతిలో పట్టుకొని బల్ల మీద గంటసేపు కూర్చున్నవాళ్ళం మనం. సినిమా హాలు దగ్గర సైకిలు పెడితే రేకు బిళ్ళ. హోటల్లో టిఫినుకు టోకెను. గుడి దగ్గర చెప్పులు విడిస్తే ఒక బిళ్ళ. జమ్మలమడుగు, ప్రొద్దుటూరు చేనేత సంఘాలవాళ్ళు, పత్తి మిల్లులవాళ్ళు, పులివెందుల వైపు వేరుశనగ మిల్లులవాళ్ళు, రాతినార, ముగ్గురాయి గనులవాళ్ళు కూలీలకు ఏమైనా బిళ్ళలిచ్చేవాళ్ళా? ఇస్తే వాటి మీద ఏముండేది? ఎంతకు చెల్లేవి? మీలో కొందరికి తెలిసి ఉంటుంది. మీ తరువాత చెప్పేవాళ్ళుండరు.

రెండో ప్రపంచ యుద్ధం కాలంలో రాగికి, చిల్లరకు కరువొచ్చి 1943 నుంచి ప్రభుత్వమే చిల్లు కాణీ వేసింది. గుజరాతు వైపు సంస్థానాలు అట్టముక్కల మీద కాణీ, అణా అచ్చువేసి చెల్లించాయి. అవి ఈరోజు కేటలాగుల్లో ఉన్నాయి. మన ప్రాంతంలో ఆ రోజుల్లో హోటళ్ళు, అంగళ్ళు చిల్లరకు బదులు ఏమిచ్చేవో మీ నాయన, అమ్మ చెప్పగా విన్నవాళ్ళు ఎవరైనా ఉంటే అది కూడా చరిత్రే.

ఇప్పుడు బ్యాంకులో కాగితపు చీటీ వచ్చింది, తరువాత ఎ.టి.ఎం., ఆ తరువాత ఫోనులో చెల్లింపులు. పాత ఇత్తడి బిళ్ళలు పాత సామాన్ల అంగడికి కిలోల లెక్కన వెళ్ళిపోతున్నాయి. అక్కడి నుంచి కొలిమిలోకి. బంగారు నాణేన్ని కరిగించేవాడికి కనీసం బంగారం మిగులుతుంది. ఈ బిళ్ళలను కరిగిస్తే కిలో ఇత్తడి మిగులుతుంది, ఒక అంగడి, ఒక మిల్లు, ఒక వీధి జ్ఞాపకం పోతుంది.

కాబట్టి నా ప్రతిపాదన ఇది. మన సంఘం గదిలో ఒక రిజిస్టరు పెడదాం. రిజిస్టర్లు రాయడంలో మనల్ని మించినవాళ్ళు లేరు. ఎనిమిది కాలమ్‌లు చాలు: వరుస సంఖ్య, ఊరు, బిళ్ళ ఇచ్చిన సంస్థ లేక అంగడి, లోహం, బరువు కొలతలు, రెండు వైపులా ఉన్న రాత, ఎందుకు వాడేవారు ఏ సంవత్సరాల్లో, ఈ సంగతి చెప్పినవారు. విలియమ్సన్ చేసినట్లే ఊళ్ళ వరుసలో రాద్దాం. ప్రొద్దుటూరుకు ఒక భాగం, జమ్మలమడుగుకు ఒకటి, పులివెందులకు ఒకటి.

బిళ్ళను సంఘానికి ఇవ్వనక్కరలేదు, మీ దగ్గరే ఉంచుకోండి. దాని మీద పలచని కాగితం పెట్టి పెన్సిలుతో మెల్లగా రుద్దితే అచ్చు పడుతుంది. ఆ కాగితం అతికించి పక్కన వివరం రాయండి. పిల్లలుంటే ఫోనులో ఫొటో తీస్తారు. తెలియని కాలమ్ ఖాళీగా వదలండి, ఊహించి నింపవద్దు. తెలిసినవాళ్ళు తరువాత పూరిస్తారు. బిళ్ళ పోయి జ్ఞాపకం మాత్రమే ఉంటే అదీ రాయండి, జ్ఞాపకం అని స్పష్టంగా పేర్కొనండి. కుటుంబ పెన్షను తీసుకుంటున్న తల్లులకు ప్రత్యేకంగా మనవి: మీ ఇంటాయన పెట్టెలో, పూజగది డబ్బాలో ఇలాంటివి ఉంటాయి. పాత సామాన్లవాడికి వేసేముందు ఒకసారి మాకు చూపించండి.

నూరు పద్దులు కాగానే ఒక నకలు బ్రౌన్ గ్రంథాలయానికి ఇద్దాం. వీలైతే చిన్న పుస్తకంగా అచ్చువేద్దాం. ఇప్స్‌విచ్ బట్టల వర్తకుడు తన కాలపు బిళ్ళలకు తానే పుస్తకం రాశాడు గనుకే రెండు వందల ఏళ్ళ తరువాత కూడా జనం వాటిని గుర్తుపడుతున్నారు. ఆయన పండితుడేమీ కాదు, అంగడివాడు. మనం గుమాస్తాలం. చూసింది చూసినట్లు, తేదీ వేసి, సంతకం పెట్టి రాయడం మన వృత్తి. ఆ వృత్తికి పెన్షను వచ్చింది గాని విరమణ రాలేదు.

రిజిస్టరు కొని తెచ్చాను. కోశాధికారిగారి బల్ల మీద ఉంది. కాలమ్‌లు గీసి ఉన్నాయి. భోజనాలకు లేచేటప్పుడు ఎవరికి గుర్తున్నది వాళ్ళు ఒక పద్దు రాసి వెళ్ళవలసిందిగా ప్రార్థిస్తున్నాను. చెయ్యి వణికేవాళ్ళు చెబితే రాయడానికి నేను పక్కనే కూర్చుంటాను.